నన్ను చేసిన మన్ను

"నీ బిడ్డ మెడలో తాళి తెంపేదానికి నీకు ఆ మన్నే దొరికిందా?"

ఆనందమ్మ వంటింటి గడప మీద నిలబడి అడిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మొగుణ్ణి నిలదీయడం పేటలో ఎవరూ చూడలేదు. ఇమ్మానుయేలు కూడా చూసి ఉండడు. ఒక కాలి చెప్పు విడిచి, రెండోది విడవడం మరిచిపోయి నిలబడ్డాడు.

"నేను తెంపేదేంది?"

"చేతిలో పోసిన మన్ను మల్ల తీసేసుకుంటివే, ఊరంతా చూస్తాండంగా. మన పేటలో ఎవురికన్నా అట్ల జరిగిందా?"

"జరగలా. ఎవురూ అట్లాంటి మాట అనలా, కాబట్టి జరగలా."

కూతురు సంతోషమ్మ గోడకు ఆనుకుని కూర్చుని తన కుడి అరచేతిని చూసుకుంటూ ఉంది. చేతిగీతల్లో ఎర్రమన్ను ఇంకా మిగిలే ఉంది. ఆమె మొగుడు పాలయ్య మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. చంపుతారో వదులుతారో తేలాల్సింది అతని సంగతే అయినా, పొద్దుటి నుంచి అందరికంటే తక్కువ మాట్లాడింది అతనే.

జరిగింది ఎవరూ ఊహించనిది. క్రిస్మసుకు ముందు మేడింటి నారపరెడ్డిని ముద్దనూరు దారిలో వంక దగ్గర జీపు ఆపి నరికారు. నరికింది ఎదుటి పార్టీ కట్టమీదోళ్ల మనుషులని అందరికీ తెలుసు. జీపు వస్తున్నదని వాళ్లకు ఎవరు కబురు అందించారన్నదే తెలియలేదు. పేటలో దారికి ఆనుకుని ఉన్న ఆఖరి ఇల్లు పాలయ్యది. పైగా థర్మల్ ప్లాంటులో అతనికి కూలిపని ఇప్పించింది కట్టమీదోళ్లే. అనుమానం రావడానికి ఫ్యాక్షన్ ఊళ్లో అంతకంటే ఏం కావాలి?

ఓట్లు దగ్గర పడుతున్నాయి గనుక రెండు పార్టీల పెద్దలకూ ఇప్పుడు శాంతి మీద ప్రేమ పుట్టింది. జమ్మలమడుగులో కూర్చుని రాజీ కుదిర్చారు. నరికినవాళ్ల సంగతి కోర్టు చూసుకుంటుంది. పాలయ్య సంగతి మాత్రం పేట పద్ధతిలో తేలాలి. ఆ రోజు సాయంత్రం అతను గడప దాటి బయటికి పోలేదని పెళ్లాం యేసు గుడి ముందర మన్ను పట్టి చెప్తే చాలు, అతని జోలికి రామని మేడింటోళ్లు మాటిచ్చారు.

మన్ను పట్టడమంటే పేటలో ఆషామాషీ కాదు. దొరలు వచ్చి బాప్తిస్మం ఇచ్చిన కాలంలో తాతలకు చదువు రాదు. విగ్రహం ముందు ఒట్టు పెట్టుకోకూడదన్నారు, పుస్తకం ముట్టుకుంటే అందులో ఏముందో వాళ్లకు తెలియదు. అందుకని గుడి ముందరి మన్ను గుప్పిట పట్టి, 'నన్ను చేసిన మన్ను సాక్షిగా' అని చెప్పడం మొదలుపెట్టారు. అబద్ధమాడినవాణ్ణి ఆ మన్నే తొందరగా వెనక్కి పిలుచుకుంటుందని నమ్మకం. కోర్టులో పూటకొక మాట చెప్పే రెడ్లు కూడా ఈ మన్నుకు భయపడతారు.

పోయిపోయి ఆ మన్ను దగ్గరే అడ్డం పడింది. సంఘపెద్ద ఇమ్మానుయేలు కూతురి చేతిలో మన్ను పోసిన తర్వాత, నారపరెడ్డి తమ్ముడు లేచి నెమ్మదిగా ఒక మాట అడిగాడు.

"పంతులూ, ప్రొద్దుటూరు కాన్వెంటులో మా అన్న కూతురు సైన్సు చెప్పే మీ బిడ్డ దగ్గరే చదువుతాంది. మనిషిని దేవుడు మన్నుబొమ్మ చేసి ఊదలేదు, జంతువుల నుంచి మారుకుంటా వచ్చినాడని పాఠం చెప్పిందంట. మన్నుతో పుట్టినానని నమ్మని మనిషికి మన్ను సాక్షి ఎట్లయితాది?"

ఇమ్మానుయేలు కూతురి వైపు తిరిగి, "చెప్పినావా?" అన్నాడు.

"చెప్పినా నాయనా."

అంతే. మిషన్ బడిలో జీవితమంతా పంతులుగా చేసిన ఆ ముసలాయన ఆమె గుప్పిట విప్పి, మన్నంతా కింద పోసేశాడు. ఈ ప్రమాణం చెల్లదన్నాడు. తండ్రి చేత్తో ఇట్లాంటిది జరుగుతుందని ఎవరనుకుంటారు?

బయట ఆటో ఆగింది. ముద్దనూరుకు సర్వీసు ఆటో నడిపే నూరుల్లా దిగాడు. రెండు పక్షాలకూ కానివాడు కనుక ఇద్దరి మాటలూ మోసే పని అతని నెత్తిన పడింది. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఇమ్మానుయేలన్నా, పొద్దు గూకే లోపల తేల్చమన్నారు. మన్ను పట్టిస్తే సరేనంట. పట్టియ్యకుంటే, పట్టలేకనే పట్టలేదని లెక్క గట్టుకుంటారంట."

"ఇంగేమన్నారు?"

"ఇంగేం అనలా. అనేటోళ్ల కంటే అననోళ్లతోనే భయం గదన్నా." నూరుల్లా మంచం మీది పాలయ్యను చూసి చూపు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆనందమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఇమ్మానుయేలు రెండో చెప్పు విడిచి వచ్చి కూతురి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు ఆర్‌సీయం కాథలిక్కు పిల్లోణ్ణి చేసుకుంటానంటే ఒప్పుకుంటి. మరియమ్మ ముందర మోకాళ్లు వంచినా ఓర్చుకుంటి. ఈ కోతి సంగతి మటుకు నాకు చెప్పలేదే."

"నువ్వు ఎప్పుడూ అడగలా."

"ఇప్పుడు అడుగుతాండా. ఏం చెప్పినావు పిల్లోళ్లకు?"

"ప్రాణులన్నీ ఒక్కరోజులో ఇట్ల తయారు కాలేదని చెప్పినా. శానా శానా కాలం పట్టిందని, ఒకదాంట్లో నుంచి ఇంకోటి మారుకుంటా వచ్చిందని. మనిషి ఒళ్లు గుడా ఆ దావనే వచ్చిందని."

"కోతి నుంచి."

"కోతి నుంచి కాదు నాయనా. వెనక్కి పోతే కోతికీ మనకూ మూలం ఒకటేనని."

"అది కోతి కంటే మేలా?"

ఇంకొక రోజయితే ఆనందమ్మ నవ్వేది. ఇప్పుడు కొంగుతో ముక్కు తుడుచుకుని ఊరుకుంది.

"కాన్వెంటు సిస్టర్లు నిన్ను ఏమీ అనలేదా?"

"మొదటి ఏడు ఆ పాఠం చెప్పాలంటే నాకే చేతులాడలా. సిస్టరే నన్ను యేసురత్నం ఫాదర్ దగ్గరికి పిల్చుకపోయింది. నీ మాదిరే అడిగినా ఆయన్ను. పాఠం చెప్తే దేవుణ్ణి కాదన్నట్టు కాదా అని. ఒళ్లు ఏ దావన వచ్చిందో వెదుక్కోమని సైన్సుకు వదిలిపెట్టు, ఆత్మను మటుకు ఒక్కొక్క మనిషికీ దేవుడే తన చేత్తో ఇస్తాడు, అది ఏ జంతువూ ఇచ్చేది కాదు అన్నాడు. మా సభ నమ్మేది అదే. రోములో పోపుగారు గుడా మొన్న ఈ మారడం సంగతి ఉత్త ఊహ కాదని అన్నాడంట."

"పోపు అన్నాడని నేను నమ్మల్లనా?"

"పోపును నమ్మొద్దులే. నీ బైబిలును నమ్ము. మొదటి అధ్యాయంలో దేవుడు ముందు పశువుల్ని చేసినాడా, మనిషినా?"

"పశువుల్ని." ఇమ్మానుయేలుకు పుస్తకం తెరవాల్సిన పని లేదు. ఆదివారం బడిలో ఎన్ని తరాలకు చెప్పాడో.

"రెండో అధ్యాయంలో?"

"రెండో దాంట్లో..." ఆయన పెదవులు కదిలాయి. తోట, ఆదాము, ఆదాము ఒంటరిగా ఉండడం మంచిది కాదనడం, ఆ తర్వాత జంతువుల్ని చేసి పేర్లు పెట్టమని అతని దగ్గరికి తేవడం. లోపల్లోపల వల్లించుకుంటూ పోయి చటుక్కున ఆగిపోయాడు. పుట్టి పెరిగిన ఇంట్లో తనకు తెలియని గది ఒకటి ఉందని ఇవాళే తెలిసినట్టు చూశాడు.

"మనిషే ముందు," అన్నాడు మెల్లగా.

"రెండూ అక్షరాలా జరిగేదానికి లేదు గదా నాయనా."

"అంటే దేవుడు అబద్ధం రాయించినాడంటావా?"

"ఆ మాట నేను చచ్చినా అనను. రెండూ నిజమే. యాది ముందు చేసినాడు, యాది వెనక చేసినాడు అనేది కాదు దాంట్లో సంగతి. మనల్ని చేసింది ఎవురు, ఎందుకు చేసినాడు అనేది చెప్తాంది. అది నేను నమ్మకుంటే ఆదివారం గుడికెందుకు పోతా?"

ఇమ్మానుయేలు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "మన్ను సంగతి చెప్పు. నిన్ను మన్నుతో చేసినాడా, లేదా?"

"చేసినాడు."

"మల్ల పాఠంలో అట్ల లేదే."

"నన్ను కని పెంచింది ఎవురు నాయనా?"

"మీ అమ్మ."

"జమ్మలమడుగు ఆసుపత్రిలో నన్ను కనేదానికి అమ్మ చచ్చి బతికిందని నువ్వే చెప్తావు గదా."

"చచ్చే బతికితి," అంది ఆనందమ్మ ఏడుపు మధ్యలో. "దొరసాని డాక్టరమ్మ లేకుంటే ఈ పొద్దుకు నా ఎముకలు గుడా ఉండవు."

"అమ్మ కడుపులో తొమ్మిది నెలలు పెరిగి వచ్చినదాన్ని. అయినా నన్ను దేవుడే మన్నుతో చేసినాడని నాకు చిన్నప్పటి నుంచి చెప్తివి. రెండూ నిజమే అంటివి. యోబు గుడా నన్ను మన్నుతో చేసినావని దేవునితో మొత్తుకున్యాడు గదా, యోబుకు తల్లి లేదా? నా తొమ్మిది నెలలు దేవునికి అడ్డం రాలేదు. ఆదాముకు ఇంగా శానా కాలం పట్టిందంటే అడ్డం వస్తాదా?"

దూరంగా ప్లాంటు వైపు పోయే బొగ్గు రైలు కూత వినిపించింది.

"అక్షరం పోతే ఇంగేం మిగుల్తాది సంతోషమ్మా?" అన్నాడు చివరికి. అది వాదం కాదు. నిజంగా భయపడి అడిగాడు. వయసు మీద పడ్డాక మనిషికి కాలి కింద నేల కదిలితే ఆ భయం వేరు.

సంతోషమ్మ ముందుకు జరిగి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "అర్థం మిగుల్తాది. దేవుడు చూసేది దాన్నే. అక్షరం గట్టిగా పట్టుకొని అర్థాన్ని వదిలిపెట్టినోడే అబద్ధికుడు నాయనా. ఈ పొద్దు ఆ మన్ను పట్టుకున్యప్పుడు నువ్వు ఎంత భయపడ్తావో నేనూ అంతే భయపడి పట్టుకున్యా. నా చేతిలో నుంచి పోసేస్తివి."

ఇమ్మానుయేలు కళ్లు తుడుచుకుని లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని గుడి వైపు నడిచాడు. ఏం తేల్చుకున్నాడో చెప్పలేదు. ఆనందమ్మ వెనకాలే పరుగెత్తింది.

ఇంట్లో మొగుడూ పెళ్లాం మిగిలారు.

"మామ ఒప్పుకుంటాడా?" అడిగాడు పాలయ్య.

"ఒప్పుకుంటాడు. నేను ఎరుగుదును ఆయన్ను." ఆమెకు ఒంట్లో సత్తువంతా పోయినా మనసులో ఏదో తేలికగా ఉంది. ఇన్నేళ్లూ తండ్రికి చెప్పలేక దాచుకున్న మాట చెప్పేసింది. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు.

"అడిగేది గడప దాటలేదనే గదా?"

"అదే గదా."

"ఇంగేమీ అడగరు గదా?"

"ఇంగేం అడుగుతారు? నువ్వు ఇల్లు కదల్లేదు. నేను కజ్జికాయలు చేస్తాంటే పక్కన కూర్చొని కొబ్బరి తురుముతాంటివి."

"అవును, కదల్లా," అన్నాడు పాలయ్య. ఆపైన, తనలో తాను అన్నట్టు, "అక్షరాలా కదల్లా," అన్నాడు.

సంతోషమ్మ అతని మొహంలోకి చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. అడగకూడదని తెలిసి కూడా అడిగింది.

"ఏం చేసినావు?"

"ఏమీ చేయలా."

"పాలయ్యా."

పెళ్లయిన తర్వాత ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"ఇంటి మీద క్రిస్మస్ స్టారు ఉండె గదా," అన్నాడు. "నారపరెడ్డి జీపు మన ఇల్లు దాటంగానే ఆర్పమన్నారు కట్టమీదోళ్లు. వంకలో నుంచి కనపడ్తాదంట. తడికె పక్కనే స్విచ్చి. కూర్చున్యోణ్ణి కూర్చున్యట్టే ఆర్పినా."

"బల్బు పోయిందంటివే."

"నువ్వు అడిగితివి. అట్ల చెప్పినా."

ఎర్రకాగితాలు అంటించి ఆ స్టారును తయారు చేసింది తనే. ప్రభువు పుట్టిన సంగతి ఊరికి చెప్పడానికి వెదురుబొంగు మీద కట్టిన దీపం. అది ఆరడం చూసుకుని కత్తులు లేచాయి. ఆమె మంచంకోడు పట్టుకుంది.

"పని తీసేస్తామన్నారు. దీపం ఒకటి ఆర్పు, జీపు నిలిపి బెదిరిస్తాం, అంతే అన్నారు. చంపుతారని నాకు తెల్దు."

"కత్తులు పట్టుకొని వంకలో కూర్చున్యోళ్లు భజన చేస్తారనుకుంటివా?"

పాలయ్య నేలకు దిగి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నువ్వు అబద్ధం చెప్పేది లేదు సంతోషమ్మా. గడప దాటలేదని చెప్పు. అది నిజం. మన్నుకు గుడా తప్పు పట్టేదానికి లేదు. పులివెందులలో మా అన్న దగ్గరికి పారిపోదామంటే ఆడా మేడింటోళ్ల చుట్టాలే ఉండారు. నాకు యాడికీ దావ లేదు."

ఆమె అతని నెత్తిని చూసింది. ఆ మనిషి మీద అసహ్యం వేసింది. అతను చచ్చిపోతాడన్న భయం అంతకంటే గట్టిగా పట్టుకుంది. రెండూ ఒకేసారి ఎట్లా ఉంటాయో ఆమెకే అర్థం కాలేదు. తన తండ్రికి ఇందాక చెప్పిన మాట ఒక్కొక్కటీ గుర్తొస్తూంటే చెవులు మూసుకోవాలనిపించింది.

"సంతోషమ్మా, నాయన పిలుస్తాండాడు. రెండు పక్కలోళ్లూ వచ్చినారు." ఆనందమ్మ వాకిట్లో నుంచి అంది. ఆమె మొహం వెలిగిపోతోంది. "ఒప్పుకున్యాడు మీ నాయన."

సంతోషమ్మ లేచింది. గడప దాటలేదు, ఆ మాట నిజమే, నిజమే అని మనసులో అనుకుంటూ నడిచింది. అక్షరమే చాలు. ఇవాళ ఒక్కరోజుకు అక్షరమే చాలు. దేవుడితో తర్వాత చూసుకుంటుంది.

గుడి ముందర ఇందాకటి జనమంతా ఉన్నారు. పొద్దు ఇంకా గూకలేదు. నారపరెడ్డి తమ్ముడు ఒక పక్క, కట్టమీదోళ్లు ఇంకొక పక్క కూర్చున్నారు. పాలయ్య దూరంగా నూరుల్లా ఆటో దగ్గరే నిలబడిపోయాడు.

ఇమ్మానుయేలు కూతురిని పక్కన నిలబెట్టుకుని చేతులు జోడించాడు.

"అయ్యల్లారా, ఇందాక నేను తప్పు చేసినా. నా బిడ్డ మన్నును నమ్ముతాది. నా కంటే బాగా నమ్ముతాది. ఈ వయసులో నాకు వాక్యం నేర్పించింది. అందురి ముందర మన్ను పోసేసినా, కాబట్టి అందురి ముందరే క్షమించమని అడుగుతాండా."

సంఘపెద్ద, అదీ ఇమ్మానుయేలు, అందరి ముందూ కూతురి కోసం చేతులు జోడించాడు. జనంలో కదలిక పుట్టింది. నారపరెడ్డి తమ్ముడు కూడా కూర్చున్నచోటే సర్దుకున్నాడు. సంతోషమ్మ తలెత్తలేకపోయింది.

ముసలాయన వంగి గుప్పెడు మన్ను తీసి ఆమె అరచేతిలో పోశాడు. ఆమె వేళ్లు ముడుచుకున్నాయి. అడిగితే చెప్పెయ్యాలని గడప దాటలేదన్న మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుంది.

"ఇంకొక సంగతి," అన్నాడు ఇమ్మానుయేలు. "గడప దాటినాడా, లేదా అని అడిగేదానికి మనం పెట్టుకుంటిమి. నాకు ఇప్పుడు అది సరి అనిపించలా. గడప దాటకుండా గుడా మనిషి పాపం చేస్తాడు. దేవుడు చూసేది అర్థాన్ని. కాబట్టి మాట మారుస్తాండా. నారపరెడ్డి చావులో నా అల్లునికి ఏ విధంగానూ పాలు లేదని నా బిడ్డ చెప్తాది. అప్పుడు ఎవురికీ అనుమానం ఉండదు."

"మాకు కావల్సింది అదే పంతులూ," అన్నాడు నారపరెడ్డి తమ్ముడు.

సంతోషమ్మ గుప్పిట్లో మన్ను తడిసిపోయింది. ఆటో దగ్గర నిలబడ్డ మనిషి వైపు చూడాలంటే ధైర్యం చాలలేదు.

"నాయనా," అంది ఆయనకొక్కడికే వినపడేట్టు. "ముందు అనుకున్య మాటే అడుగు. గడప సంగతే అడుగు."

ఇమ్మానుయేలు ఆమె తల నిమిరాడు. ఆయన కళ్లలో గర్వం ఉంది.

"అది ఉత్త అక్షరం తల్లీ. నువ్వే గదా నేర్పిస్తివి. చెప్పు."